దుప్పటి గుడ్డ కోటు

ఆవిడ ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి. వీధిలో అందరికీ కొలతలమ్మ. మనిషిని ఎగాదిగా చూసి నడుమెంతో చెప్పేసేది. టేపు పెడితే అర అంగుళం తేడా వచ్చేది కాదు. సొంత అక్క దగ్గరే ఆ చూపు మొరాయించింది.

అక్క మంచం పట్టి ఆరు నెలలైంది. ఒకరోజు బావ ఒక పాత కవరూ, ముదురు నీలం ఉన్ని గుడ్డా తెచ్చి బల్ల మీద పెట్టాడు. కవరులో అక్కాచెల్లెళ్ల అమ్మ దాచిన కోటు నమూనా కాగితాలున్నాయి. వెడల్పాటి కాలరు, నడుము దగ్గర బిగువు, కింద గొడుగులా విచ్చుకునే ఘేరు.

"చిన్నప్పుడు దీనికోసం ఇద్దరూ జుట్లు పట్టుకున్నారటగా. ఇప్పుడు కుట్టించుకుంటానంటోంది మీ అక్క."

"చలికాలానికల్లా ఇచ్చేస్తా బావా."

బావ గుడ్డను ఒకసారి నిమిరి వెళ్లిపోయాడు.

కాగితాలు మడతల దగ్గర పొడిపొడిగా రాలుతున్నాయి. పైగా ఆనాటి కొలతలు వేరు. మంచి గుడ్డకు కత్తెర పెట్టేముందు ఒకసారి చూసుకోవాలని, నమూనాను న్యూస్‌పేపరు మీదికి ఎత్తి, పాత దుప్పటి కత్తిరించి, కచ్చాకుట్లు వేసింది. అక్క కొలతలు కిందటేడు రాసుకున్న పుస్తకంలోంచే తీసుకుంది.

అక్కకు తొడిగి చూస్తే భుజాలు మోచేతుల దాకా జారాయి.

"ఏంటే ఇది! నాతోపాటు ఇంకో మనిషి దూరొచ్చు ఇందులో," అని నవ్వింది అక్క.

చెల్లెలి పెదాల మధ్య గుండుసూదులున్నాయి. జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి అవే దిక్కయ్యాయి. పక్కలు పట్టి చూస్తే రెండువైపులా పిడికెడేసి గుడ్డ మిగిలింది.

"అసలు గుడ్డ కొయ్యకే."

"ఏం? కాస్త లోపలికి పట్టిస్తే సరిపోతుంది."

"నా కొలతలకి కోస్తే రేపు ఎవరికీ పనికిరాదు. నువ్వే కుట్టుకో."

"నోర్ముయ్ అక్కా."

విప్పబోతే అక్క చెయ్యి పట్టుకుంది. "ఇది ఉంచెయ్. మెత్తగా ఉంది."

"ఒంటినిండా పెన్సిలు గీతలే. ఎవరైనా చూస్తే నా పరువు పోతుంది."

"నన్ను చూడ్డానికొచ్చేవాళ్లు కుట్లు చూడర్లే."

చెల్లెలు మంచం అంచున కూర్చుని, ఒక్కో సూదీ తీస్తూ, అక్క ఒంటి మీదే ఆ పక్కలు కుట్టేసింది. కుడుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

మూడు వారాలు అక్క ఆ కోటులోనే ఉంది. ఒకసారి చెయ్యి దగ్గర కుట్టు విడిపోతే చెల్లెలు వెళ్లి వేసొచ్చింది. నాలుగో వారం ఆ అవసరం రాలేదు.

కొన్నాళ్లకు బావ వచ్చి, "ఆ నీలం గుడ్డ నువ్వు కుట్టుకోవాలని చెప్పి పోయింది," అన్నాడు.

ఆవిడ టేపు తీసి నడుముకు చుట్టుకుని అంకె రాసుకుంది. చేతులు కొలుచుకుంది. వీపు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ఎవరి వీపు వాళ్లు కొలుచుకోవడం కుదరదు. ఇన్నేళ్లూ అది అక్క చేసిపెట్టే పని. బావకు టేపు ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు.

"తర్వాత చూద్దాంలే బావా," అంది. సాయంత్రానికి ఇస్తానన్న ఎవరిదో గౌను ముందుకు లాక్కుని, అంచు మడిచి, మిషను తొక్కడం మొదలుపెట్టింది.