గాలి లెక్కలు

అరవైల చివర్లో మా చిన్నాయన బెంగుళూరులో పరిశోధన చేసేవాడు. రసాయనాల రియాక్టర్లో పొడి గుండా వాయువు ఎలా సాగుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టడం ఆయన పని. సెలవుకు పెనుకొండ వస్తే, ఇంటి ముందర కళ్లంలో రాగులు తూర్పారబడుతుంటే ఎగిరే పొట్టును చూస్తూ నిలబడిపోయేవాడు.

ఉబ్బసంతో అరుగు మీద ఆయాసపడుతున్న మా అవ్వ ఒకసారి అడిగింది. "ఏం చూస్తాండావురా ఆడ?"

"పొడిలోంచి గాలి యెట్ల పోతాదో చూస్తాండానమ్మా."

"నా రొమ్ములోకి యెట్ల పోతాదో చూడు నాయనా."

చిన్నాయన వచ్చి ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాడు.

ఆ చలికాలమే అవ్వ పోయింది. కంప్యూటర్ దగ్గర తన వంతు కోసం కాచుకున్న చిన్నాయనకు కబురు ఆలస్యంగా అందింది. రైలు దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

గడపలోనే మా అమ్మను అడిగాడు. "కడాకు ఊపిరి సులువుగా ఆడిందా, వదినా?"

అవ్వ అవస్థంతా దగ్గరుండి చూసిన అమ్మ, "ఆడిందప్పా" అంది.