చెవిలో పాటలున్నాయని చెప్పాను

నా భార్య చెవులు పాటల పిచ్చితో పోయాయని మా వాళ్లంతా అంటారు. బతుకుతెరువుకు వలసొచ్చి ఉంటున్న ఈ గోడాదరాలో మా గల్లీవాళ్లు అంటారు, పెళ్లిళ్లలో కలిసే చుట్టాలు అంటారు, బమ్రోలిలో కాపురముంటున్న మా కూతురూ అంటుంది. ఆ మాట మొదట పుట్టించింది నేను. అది అబద్ధం.

మేమిద్దరం ఒకే కారఖానాలో పనిచేసేవాళ్లం. నేను సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాణ్ణి. ఆమె గోడవారన కూర్చుని కండెలకు దారం చుట్టేది. సాంచాలు నడుస్తుంటే గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. అందుకే అక్కడ అందరం పెదవులు కదిపి, చేతులు ఊపి మాట్లాడుకుంటాం. పెళ్లయి వచ్చిన కొద్ది నెలల్లోనే ఆమె ఆ విద్య నాకన్నా బాగా నేర్చింది. దూరపు వరుసలో ఎవడు ఎవణ్ణి ఏమని తిట్టాడో చూసి, ఇంటికొచ్చాక చెప్పి నవ్వేది. ఇంట్లోనూ మాకు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవడమే అలవాటైంది. నేను పెదవి కదిపితే ఆమె జవాబిచ్చేది. జవాబిస్తున్నది కాబట్టి వినపడుతున్నదనుకున్నాను.

ఒక వానాకాలపు సాయంత్రం కరెంటు పోయింది. గదిలో చీకటి. అగ్గిపెట్టె ఎక్కడుందని అడిగాను. పలకలేదు. మళ్లీ అడిగాను, గట్టిగా అరిచాను. పక్కనే ఉన్న మనిషి కదలలేదు. కరెంటు వచ్చాక నా ముఖం చూసి, "ఏమన్న అన్నవా?" అంది.

ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగాను.

"జర తక్కువైంది. చెవుల ఎప్పుడు గుయ్యిమంటది" అంది. "కారఖానా ఇడిసిపెడ్తనయ్యా. ఇంట్ల కూసొని చీరలకు రాళ్లంటిస్త. ఆ చప్పుడుకు తలకాయ పగులుతుంది."

చీరలకు రాళ్లంటిస్తే కూలి సగం కూడా రాదు. కొన్నాళ్లు ఆగమన్నాను. ఆ కొన్నాళ్లు ఎప్పుడు అయిపోతాయో నేనూ చెప్పలేదు, ఆమె మళ్లీ అడగలేదు.

కండెలు అయిపోతే సాంచా నడిపేవాళ్లు ఈల వేస్తారు, ఆ మోతలోనూ చెవిన పడేది అదొక్కటే. ఆమె తలెత్తి చూస్తేనే వెళ్లేది, వంచుకుని ఉంటే లేదు. పలకరించినా పలకదు, పొగరు అని అనడం మొదలుపెట్టారు. పొగరు అంటే నాకు భయం లేదు. చెవుడు అంటారేమోనని భయం. వినపడని మనిషిని యంత్రాల దగ్గర ఏ శేఠూ పెట్టుకోడు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. చెవిలో పాటలు పెట్టుకుంటే పలకకపోయినా ఎవరూ అనుమానించరు. ఫోన్లు లోపలికి తేనివ్వరు, పాటల డబ్బా అయితే అభ్యంతరం లేదు.

పర్వత్ పాటియాలో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణదారు అద్దాల బల్ల మీద మూడు రకాలు పెట్టాడు. ఒకటి అగ్గిపెట్టెకన్నా చిన్నది, తెర లేదు, కాలరుకు తగిలించుకోవచ్చు. కొద్ది పాటలే పడతాయి, ఛార్జింగు పూట కూడా రాదు. రెండోది అరచేతిలో పట్టేది, తెర ఉంది, వేల పాటలు పడతాయి, షిఫ్టంతా ఆగకుండా నడుస్తుంది. ఈ రెండింటికీ చెవిలో పెట్టుకునే వైర్లు. మూడోది టిఫిన్ డబ్బా అంత స్పీకరు పెట్టె.

ఆమె పెట్టెను తీసుకుంది. దుకాణదారు పాట పెట్టగానే దాని మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంది.

"ఇదే మంచిగుంది" అంది. "చేతికి తెలుస్తుంది."

దుకాణదారుకు తెలుగు రాదు. నాకు వచ్చు. ఆమె ఏమంటున్నదో నాకు పూర్తిగా అర్థమైంది. అయినా ఆమె చేతిలోంచి పెట్టె తీసి పక్కన పెట్టాను.

"భాభీ చేతిలోది లాక్కుంటే ఈ పూట అన్నం పెట్టదు, భాయ్" అని అతను హిందీలో నవ్వాడు.

ఈ రెండింటిలో ఆవాజ్ దేనికి ఎక్కువని అడిగాను. తెర ఉన్నదాన్ని చూపించాడు. అదే కొన్నాను. చిన్నది కొన్నా కొంత నయమే, మధ్యాహ్నానికి ఆగిపోయి ఉండేది. నాకు ఆగనిది కావాలి. మా వైపు బతుకమ్మ పాటలు, పాత సినిమా పాటలు నిండా నింపించాను. దారిలో ఆమె, "గిన్ని పాటలు నేనేం జేసుకుంట?" అని ఒక్కసారే అడిగింది.

ఉపాయం బాగా పారింది. ఎవరైనా పిలిచి విసుక్కుంటే, "చెవుల పాటలున్నయ్, భుజం తట్టి పిలువుండ్రి" అనేవాణ్ణి. కుర్రవాళ్లు ఆమె ముందు నిలబడి, "వదినె, ఒక వైరు మాకు గూడ ఇయ్యరాదు" అని పెదవులతో ఆటపట్టించేవాళ్లు. ఆమె నవ్వేది. సాంచాల మోతను దాటి పాట వినపడాలని ఆవాజ్ పెంచుకుంటూ పోయింది. ఒకరోజు అన్నం తినేవేళ వైరు తీసి నాకిచ్చింది.

"ఇది ఖరాబైనట్టుంది. ఆవాజ్ వస్తలేదు, జర సూడు."

చెవిలో పెట్టుకున్నాను. సూది దిగినట్టయి వెంటనే లాగేశాను. అది బాగానే ఉంది.

"అవును, ఖరాబైంది" అన్నాను.

అప్పుడు గానీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లలేదు. డాక్టరమ్మ మన తెలుగమ్మాయే, చిన్న వయసు. పరీక్షలు చేసి, ఈమె ఏం పని చేస్తుందని నన్ను అడిగింది. నేను నా భార్యకు నా ముఖం కనపడకుండా కుర్చీలో పక్కకు తిరిగాను.

"ఇంట్లోనే ఉంటుందండి. పాటల పిచ్చి. పొద్దస్తమానం చెవిలో పెట్టుకుని ఉంటుంది, చెప్తే వినదు."

డాక్టరమ్మ ఆమెను మందలించింది. పాటలు మానేయమంది. కారఖానా మానేయమనలేదు, ఎందుకంటే కారఖానా ఉన్నదని ఆమెకు తెలియదు. బయటికొచ్చాక, "ఏమన్నవ్ ఆమెతోని? గట్లెందుకు కోపం జేసింది?" అని నా భార్య అడిగింది. పాటలు వినొద్దన్నదని చెప్పాను. పాటలు ఆగాయి. ఆమె ఆ సాంచాల మధ్య ఇంకా కొన్నేళ్లు పనిచేసింది. మిగిలిన ఆ కాస్త వినికిడీ అక్కడే పోయింది. బావమరిది వచ్చి, "అక్కకు గిట్లెట్లయింది బావా?" అంటే డాక్టరుకు చెప్పిన పాటల పిచ్చి మాటే అతనికీ చెప్పాను. తరువాత నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

మొన్న మా కూతురు పిల్లను తీసుకుని వచ్చింది. పిల్ల చెవిలో వైర్లు పెట్టుకుని ఏదో చూస్తోంది. కూతురు వాటిని లాగేసి, "అమ్మమ్మ లెక్క చెవులు పోగొట్టుకుంటవా? ఆమె పాటల పిచ్చితోనే గిట్లయింది" అంది. కూతురి ముఖం తల్లివైపే ఉంది. నా భార్య పెదవులు చదివి, చేతిలోని గిన్నె కింద పెట్టింది. తన గురించి ఊరంతా ఏమనుకుంటున్నదో ఆమెకు ఆ రోజే తెలిసింది.

"నేనెప్పుడు పాటలు అడిగిన బిడ్డా?" అంది.

కూతురు నావైపు చూసింది. చెప్పాను. చీకట్లో పలకనిదీ, కారఖానా మానేస్తానన్నదీ, దుకాణంలో చెయ్యి ఆనించినదీ, అన్నీ. ఇద్దరికీ కనపడేలా కూర్చుని చెప్పాను.

"డాక్టరు దగ్గర గూడ గిట్లనే చెప్పినవా, బాపూ?" అని అడిగింది కూతురు.

అవునన్నాను.

"మరి మామకు?"

అవునన్నాను.

"అందరికి చెప్పు. నాకు ఒక్కదానికి చెప్తే సరిపోదు" అని పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది. నా భార్య వాళ్లను గల్లీ చివరిదాకా సాగనంపి వచ్చింది. ఆమెతో ఇంకా ఏదో చెప్పబోయాను. ఆమె నావైపు చూడలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటినుంచి నేను మాట్లాడబోతే ముఖం తిప్పేసుకుంటుంది. బావమరిదికి ఫోన్ చేసి చెప్పాను. అతను అక్కకు ఫోన్ ఇమ్మన్నాడు. ఇచ్చినా ఆమెకు వినపడదని అతనికీ వెంటనే గుర్తొచ్చింది. ఫోన్ పెట్టేశాడు. మిగిలినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.