తోడల్లుడి తుపాకీ కంటే పెద్దది

మొన్న కార్డిఫ్‌లో మా చెల్లెలు కొత్త ఇంట్లో పాలు పొంగించింది. భోజనాల వేళ మా మరిది, అంటే చెల్లెలి భర్త, తనతో పనిచేసే డాక్టర్ల మధ్య కాగితం ప్లేటు పట్టుకుని నిలబడి, "మా అన్నయ్యగారిది ఒక్కటే గుండు. ఇంతింత కొమ్ముల మగ జింక, నిలబడ్డ చోటే కుప్పకూలింది" అంటూ రెండో చేతిని గాల్లోకి చాచి కొమ్ములు కొలిచాడు. కిందటేడు ఈ కథ చెప్పినప్పుడు ఆ కొలత మోచేతి దాకానే ఉంది. ఈసారి భుజం దాకా వెళ్ళింది. అన్నయ్యగారు అంటే మా ఆయనే. పులిహోర సగంలో వదిలేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచారు. ఈ కథ మొదలైతే చాలు, ఆయనకి చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది. నేను ఎవరినని తిట్టను? ఆ కథ పుట్టింది నా నోట్లోంచే.

ఏడేళ్ళ కిందటి మాట. అప్పటికి ఇంగ్లండులో, స్విండన్ అనే ఊళ్ళో మా కాపురం బాగా పాతబడింది. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాది హాస్పిటల్ ల్యాబులో రక్తాలూ కండముక్కలూ పరీక్షించే పని. బాత్‌టబ్బులో సాలీడు కనిపిస్తే గ్లాసు బోర్లించి, కింద పోస్టుకార్డు దూర్చి, తోటలో వదిలి వచ్చే మనిషి ఆయన. అలాంటి మనిషికి తుపాకీ ఎందుకయ్యా అంటే, కార్డిఫ్‌లో తోడల్లుడు లైసెన్సుకి దరఖాస్తు పెట్టాడు కాబట్టి. తోడల్లుళ్ళ పోటీ గురించి తెలుగువాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది? వాళ్ళింటికి నలభై అంగుళాల టీవీ వస్తే మా ఇంటికి నలభై రెండు వచ్చింది. వాళ్ళు ఇంటి వెనక అద్దాల గది కట్టిస్తే మేము కట్టించి, అందులో హీటరు కూడా పెట్టించాం. పైకి మాత్రం ఒకరినొకరు "అన్నయ్యగారూ", "తమ్ముడూ" అని తేనె పోసుకుంటూ ఉంటారు. చూస్తుంటే ఒళ్ళు మండిపోయేది. "మా తాతకి డబుల్ బ్యారెల్ ఉండేది తెలుసా!" అని ఈయన కొత్తగా వంశచరిత్ర ఎత్తుకున్నారు. ఆ తాతగారు దానితో జన్మలో చేసిందల్లా మామిడితోటలో కోతుల్ని బెదిరించడమేనని పెళ్ళైన కొత్తలోనే మా అత్తగారు నాకు చెప్పేశారు.

మా వీధికి శనివారాలు గుడ్లు తెచ్చి అమ్మే ముసలి రైతు ఒకాయన ఉండేవాడు. కొండవాలున ఆయన నాటిన చిన్న మొక్కలన్నిటినీ జింకలు కొరికేస్తున్నాయట. ఇక్కడ అది వేట సరదా కాదు, కలుపు తీసినట్టు ఒక పని. మా ఆయన ఆయన్ని పట్టుకుని బతిమాలారు. తన పొలంలో కాల్చుకోవడానికి ఒప్పుకుంటూ ముసలాయన ఒక్కటే షరతు పెట్టాడు. "ఒక్క గుండు. తనకేమైందో దానికి తెలియక ముందే అయిపోవాలి. అలా కాకపోతే మళ్ళీ నా గేటు తియ్యకు."

ఇంక మా ఇంట్లో తుపాకీ ఎంపిక మొదలైంది. క్యాలిబర్ అంటే గొట్టం లోపలి వెడల్పు అనీ, ఇక్కడి చట్టం ప్రకారం జింకని కొట్టాలంటే అది ఇంతకు తగ్గకూడదనీ, గుండు దెబ్బకి ఇంత బలం ఉండాలనీ, అడగని వాళ్ళకి కూడా చెప్పేవారు మా ఆయన. ఎక్సెల్‌లో పట్టిక వేశారు. ఒక పక్క అన్నిట్లోకీ చిన్నది టూ ఫోర్ త్రీ, ఒక పక్క అన్నిట్లోకీ పెద్దది త్రీ నాట్ ఎయిట్, మధ్యలో ఇంకో నాలుగు రకాలు. గుండు బరువు, వేగం, దూరం పోయాక ఎంత కిందికి జారుతుంది, దేహంలో దిగాక ఎంత విచ్చుకుంటుంది. ఈ చివరిది నేను చారన్నం కలుపుకుంటున్నప్పుడు చెప్పారు. రోజంతా ల్యాబులో నేను చూసే కండ ఒక మనిషిది, దాని వెనక భయపడుతున్న ఇల్లొకటి ఉంటుంది. ఈయనకి అది పట్టికలో ఒక గడి. పెళ్ళిచూపుల్లో నన్ను పావుగంట చూసి సరేనన్న మనిషి తుపాకీని ఎనిమిది నెలలు చూశారు.

చివరికి ముసలాయన్నే అడిగారు. ఆయన గుడ్ల బుట్ట మా గడప మీద దించి, "టూ ఫోర్ త్రీ చాలు. నా పొలానికి వచ్చే జింక మేకంత కూడా ఉండదు. పెద్దదైతే పేలినప్పుడు భుజాన్ని తన్నుతుంది. నీకు నొప్పి పెట్టని తుపాకీ కొనుక్కో, జింకకీ నొప్పి ఉండదు" అన్నాడు. అన్ని నెలల ఎక్సెల్ కంటే ఆ రెండు ముక్కల్లో ఎక్కువ విషయం ఉంది. మా ఆయన కూడా తలూపారు. అంతటితో అయిపోవలసింది.

ఆ సాయంత్రమే చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఈయన తుపాకీ కొన్నారే! టూ ఫోర్ త్రీ అట. బావగారు ఇంకా లెక్కలే వేస్తున్నారా?" అని కిలకిలా నవ్వింది. ఆ నవ్వు నా చెవిలో ఉండిపోయింది. ఫోన్ పెట్టేసి తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళి అన్నాను, "ఏమండీ, మీ తమ్ముడు కొన్నదే మీరూ కొంటారా? చిన్నవాడి చొక్కా పెద్దవాడు తొడుక్కున్నట్టుంటుంది." ఆయన కంప్యూటర్ మీద ఆ పట్టికని పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నారు. మర్నాడు దరఖాస్తులో త్రీ నాట్ ఎయిట్ అని రాశారు.

పోలీసుల తరఫున ఒకాయన ఇల్లు చూడడానికి వచ్చాడు. మెట్ల కింద ఇనప బీరువా గోడకి బిగించి ఉందో లేదో లాగి చూశాడు. తాళంచెవి ఎక్కడుందో భార్యకి కూడా తెలియకూడదన్నాడు. మా ఆయన దాన్ని బియ్యం డబ్బాలో దాచారు, ఇంట్లో వంట ఎవరు చేస్తారో మరిచిపోయి. సరే, తుపాకీ వచ్చింది. వారానికోసారి పక్క ఊళ్ళో కాగితం బొమ్మల మీద కాల్చి వచ్చి, కుడి భుజానికి బామ్ రాయమనేవారు. అక్కడ వంకాయ రంగు మచ్చ. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. మీట నొక్కే ముందు ఆయన రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నారు, దీపావళికి లక్ష్మీబాంబు వత్తికి అగరొత్తి అందించే పిల్లాడిలా. చూశాను. ఈ దేశంలో బస్సు డ్రైవర్ నుంచి కౌన్సిల్ వాళ్ళ దాకా అందరితో వాదించిన దాన్ని, ఆ రోజు నోరు మెదపలేదు. చెబితే తుపాకీ మార్చాలి. మారిస్తే ఆ సంగతి చెల్లెలికి చెప్పాలి.

నవంబరు మొదటి వారంలో, తెల్లవారుతుండగా, ముసలాయన పొలానికి వెళ్ళాం. నేనెందుకంటే, ఫోటో తియ్యడానికి. కార్డిఫ్‌కి పంపాలిగా. నన్ను గేటు దగ్గర ముసలాయన జీపులో ఉండమని వాళ్ళిద్దరూ మంచులోకి నడిచిపోయారు. చాలాసేపటికి ఒక్క చప్పుడు. కెమెరా తీసి సిద్ధంగా పెట్టుకున్నాను, సిగ్గులేకుండా. ఎవరూ రాలేదు. తరవాత ముసలాయన ఒక్కడే వచ్చి, జీపు వెనక పడుకున్న కుక్కని దింపాడు. "తగిలింది. తగలవలసిన చోట కాదు" అన్నాడు నా వైపు చూడకుండా.

కుక్క వెంట నేనూ వెళ్ళాను. గడ్డి మీద చుక్కలు చుక్కలుగా నెత్తురు, మధ్య మధ్య పచ్చగా ఇంకేదో. అది పొట్టలోదని నాకు వెంటనే తెలిసింది. దాదాపు అరగంట నడిచాం. మా ఆయన ఆ పెద్ద తుపాకీని భుజానికి తగిలించుకుని, నిద్రలో నడుస్తున్నట్టు వస్తున్నారు. ముళ్ళపొదలో పడి ఉంది జింక. మేకంత కూడా లేదు. వెనక కాళ్ళు లేవడం లేదు, ముందు కాళ్ళతో ఈడ్చుకుంటోంది. నోట్లో సగం నమిలిన ఆకు అలాగే ఉంది. ఇన్నేళ్ళు ల్యాబులో ఏ వాసనకీ ముక్కు మూసుకోని దాన్ని, పక్కకి తిరిగి కక్కుకున్నాను. ముసలాయన తన పాత తుపాకీ ఎత్తాడు. అది టూ ఫోర్ త్రీ. ఈసారి జింకకి ఏమీ తెలియలేదు. ఆడ జింక. ఈ జాతిలో ఆడదానికి కొమ్ములుండవు.

"కళ్ళు మూసుకున్నావా?" అని అడిగాడు ముసలాయన. మా ఆయన తల దించుకున్నారు. "చిన్నది చాలని చెప్పానుగా. ఇది ఎందుకు కొన్నావు?" అప్పుడు మా ఆయన తలెత్తి నా వైపు చూశారు. ఏమీ అనలేదు. అనివుంటే బాగుండేది. నేను తిరిగి నాలుగు అనేదాన్ని, ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం, అయిపోయేది. ఆ పొలం గేటు మాకు మళ్ళీ తెరుచుకోలేదు.

ఇంటికి వచ్చి చేతులు తోముకుంటూంటే చెల్లెలి ఫోన్. "అక్కా, బావగారు కొట్టారా?" హాల్లో మా ఆయన భుజం పట్టుకుని కూర్చుని ఉన్నారు, వింటున్నారు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ తుపాకీ కొన్న రోజు తను ఫోన్లో నవ్విన ఆ నవ్వు గుర్తొచ్చింది. "ఒక్కటే గుండు. నిలబడ్డ చోటే పడిపోయింది" అన్నాను. "కొమ్ములున్నాయా?" "ఆఁ, ఉన్నాయి." "ఫోటో పంపవే!" "మంచులో సరిగ్గా రాలేదు." ఎంత సునాయాసంగా వచ్చాయో మాటలు! ఆ ముళ్ళపొదలో పడ్డ రోత అదొక రకం, ఇది ఇంకో రకం. అది ముసలాయన ఒక్క గుండుతో ముగించాడు. దీన్ని ముగించేవాడు లేడు.

ఆ నెలలోనే తుపాకీ అమ్మేశాం. ఇనప బీరువాలో ఇప్పుడు పాస్‌పోర్టులున్నాయి.

మొన్న కార్డిఫ్ నుంచి తిరిగి వస్తూ, దారిలో నది మీదుండే పెద్ద బ్రిడ్జి దాటాక, "ఈసారి చెప్పేద్దామా వాళ్ళకి?" అన్నారు మా ఆయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆ మాట అనడానికి ఆయనకి ఏడేళ్ళు పట్టింది. "చూద్దాంలెండి" అన్నాను. కాలం అన్నిటినీ అరగదీస్తుందని అంటారు పెద్దవాళ్ళు. మా కుటుంబంలో మాత్రం ఒక ఆడ జింకకి ఏటేటా కొమ్ములు పెంచుతోంది.