తాగకుండా దించిన కహ్వా

మొన్న మా చెల్లెలి కూతురు హైదరాబాదు నుంచి వచ్చి, నిజామాబాదు కంఠేశ్వర్‌లోని మా ఇంట్లో రెండు రోజులుండి వెళ్ళింది. సోఫాలో కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, నేను కలిపిచ్చిన చాయ్ చల్లారకముందే ఒక ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇంకో ఉద్యోగానికి సరే అనేసింది. ఆ సంగతి కూడా పల్లీలు నములుతూ మాటల మధ్యలో బయటపెట్టింది. మీ సారు ఏమంటాడోనని నేను కంగారు పడితే, "ఏమంటడు పెద్దమ్మా, ఆయన గూడ వచ్చే నెల వేరే దాంట్లకు పోతుండు" అని నవ్వింది. ఆ నవ్వు వింటూ వింటూనే నేను తొంభైల నాటి మస్కట్‌కు వెళ్ళిపోయాను. ఆ రోజుల్లో గల్ఫ్‌లో ఒక నౌకరీ వదిలి ఇంకో నౌకరీలో చేరడమంటే ఎంత పనో మన వయసువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

మాది బోధన్. బాపు చక్కెర ఫ్యాక్టరీలో సీజను పనికి వెళ్ళేవాడు. చలికాలం వచ్చిందంటే చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉండేవి, ఉడికే రసం వాసన మా పుస్తకాల్లోకి, దుప్పట్లలోకి, చివరికి ఆదివారం చర్చికి కట్టుకెళ్ళే చీరల్లోకి కూడా ఎక్కి కూర్చునేది. ఆ వాసనలోనే చదువుకుని, బీఎడ్ చేసి, నిజామాబాదులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతూ ఉండగా నాకు పెళ్ళయింది. మా ఆయన కరెంటు పనివాడు, అప్పటికే ఒమాన్ దేశంలో సలాలా అనే ఊళ్ళో పనిచేస్తున్నాడు. సెలవు అయిపోయేలోగా ఇద్దరం పోచంపాడ్ డ్యాము చూడబోయి, గట్టు మీద కూర్చుని వేయించిన చేపలు తిన్నాం, అదే మా కాపురంలో నాకు బాగా గుర్తున్న మొదటి రోజు. తర్వాత ఆయన విమానమెక్కాడు.

ఏడాది తిరగకుండానే మస్కట్‌లో మనవాళ్ళ పిల్లలు చదివే బడిలో టీచరమ్మ కావాలని ఏజెంటు చెబితే ఎగిరి గంతేశాను. అదీ ఒమానే, ఇదీ ఒమానే, ఇంకేం కావాలి! పిల్లలకు పటాలు గీయించే నేనే ఆ పటంలో మస్కట్‌కూ సలాలాకూ మధ్య వేలు పెట్టి చూసుకోలేదు. చూస్తే తెలిసేది, ఎడారికి ఈ చివర నేను, ఆ చివర ఆయన, మధ్యలో రాత్రీ పగలూ పరుగెత్తే బస్సు. సెలవులు కలిస్తే ఏడాదికి రెండు మూడు సార్లు చూసుకునేవాళ్ళం, కలవకపోతే అదీ లేదు. ఊళ్ళో వాళ్ళకు మాత్రం గల్ఫ్ అంతా దుబాయే కనుక, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దుబాయిలో హాయిగా ఉన్నారని చెప్పుకునేవాళ్ళు.

అలా మూడో ఏడు నడుస్తుండగా సలాలాలోని ఒక బడిలో సోషల్ టీచరు ఖాళీ పడింది. మా ఆయనే వాళ్ళను కలిసి మాట్లాడి వచ్చాడు, నన్ను తీసుకోవడానికి వాళ్ళు సిద్ధం. నేను రాజీనామా రాసి ఇచ్చేశాను కూడా. కానీ అక్కడి పద్ధతి వేరు. మనల్ని ఆ దేశానికి రప్పించిన యజమాని, అంటే అర్బాబ్, తనంతట తాను రిలీజ్ ఇస్తేనే ఇంకొకరి దగ్గర చేరాలి, లేదంటే ఇంటికి పోవాల్సిందే, పోయాక మళ్ళీ రెండేళ్ళ దాకా ఆ గడప తొక్కనివ్వరు. మా అర్బాబ్ చెడ్డవాడు కాదు. చదువుల మధ్యలో టీచరు పోతే ఇంకొకరిని ఎక్కడ తెచ్చేదని అతని బాధ. ఇంటికి పోతానంటే పంపిస్తాను, రిలీజ్ మాత్రం ఇవ్వనని ఒక్క ముక్కలో చెప్పేశాడు. నేను బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కరువుతీరా ఏడ్చాను.

బోధన్‌లో మా పక్కింటికి ఫోను చేసి అమ్మను పిలిపించాను. అమ్మను మేం అవ్వా అనే పిలిచేవాళ్ళం. అంతా విని, "ఏడువకు బిడ్డా. ఈ శుక్రారం మేమందరం నీ కోసం ఉపాసముంటం. నువ్వు గూడ పొద్దుగూకెదాంక పచ్చి మంచినీళ్ళు ముట్టకు" అంది. మా చర్చి ఆడవాళ్ళకు ఏ కష్టమొచ్చినా శుక్రవారం ఉపవాస ప్రార్థనే మందు. నాతో పనిచేసే కేరళ టీచరమ్మ ఇంకో మందు చెప్పింది, అర్బాబ్ ఎవరి మాటా వినకపోయినా తల్లి మాట జవదాటడని. అక్కడ సెలవు కూడా శుక్రవారమే. రెండు మందులూ ఒకే రోజు పడ్డాయి.

ఆ మధ్యాహ్నం ఎండకు నోరు పిడచకట్టుకుపోతుంటే, టీచరమ్మను తోడు తీసుకుని అర్బాబ్ తల్లి, ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. తివాచీ మీద కూర్చోబెట్టింది. వైద్యానికి బొంబాయి వచ్చిపోతూ నేర్చుకున్న హిందీ ఆవిడది, నిజామాబాదు బజార్లలో అబ్బిన ఉర్దూ నాది, రెండూ తడబడుతూనే చేయీ చేయీ కలుపుకున్నాయి. ఖర్జూరాలు వచ్చాయి, ఏలకుల వాసనతో కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, వచ్చింది. చిన్న పింగాణీ గిన్నెలో ఆవిడే స్వయంగా పోసి నా చేతికిచ్చింది. ఉపవాసం ఉన్నానని నలుగురికీ చాటుకోకూడదని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్పిన మాట నా ఒంట్లో జీర్ణించుకుపోయింది కదా, అందుకని ఏమీ చెప్పకుండా ఆ గిన్నెను మెల్లిగా నా ముందు దించి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

పెద్దావిడ గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. నీకేం కావాలో చెప్పు అంది సూటిగా. వారం రోజులుగా వల్లించుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. మా ఆయన సలాలాలో ఉన్నాడు అని మాత్రం అనగలిగాను. ఆవిడ భర్త ఎన్నాళ్ళు దూరాన ఉన్నాడో, ఏ ఓడల వెంట తిరిగాడో నాకు తెలియదు, నేను అడగలేదు. కొడుకును లోపలికి పిలిచింది. అతను అరబ్బీలో ఏవో అభ్యంతరాలు చెబుతుంటే ఆవిడ ఒక్క మాటకూ జవాబివ్వకుండా ఆ నిండు గిన్నెను వేలితో చూపించింది. అతను చూశాడు, తల గోక్కున్నాడు, ఓడిపోయినవాడిలా నవ్వి తల ఊపాడు. అప్పుడావిడ గిన్నె ఎత్తి మళ్ళీ నా చేతిలో పెట్టి, "పీలే బేటీ, తేరా కామ్ హో గయా" అంది. తాగు బిడ్డా, నీ పని అయిపోయింది అని. పొద్దు ఇంకా నడినెత్తి మీది నుంచి దిగనే లేదు. నేను తాగేశాను.

బయటికి వచ్చాక టీచరమ్మ నా భుజం పట్టుకుని ఊపేసింది, ఈ మర్యాద నీకెవరు నేర్పారని. అక్కడి పాతకాలపు ఇళ్ళలో, అతిథి కహ్వా ముట్టకుండా కింద పెట్టాడంటే ఏదో కోరిక ఉన్నట్టట, అది తీర్చకుండా అతన్ని అలాగే పంపిస్తే ఇంటి పరువు పోయినట్టేనట. ఆ సాయంత్రమే ఫోను చేసి, ఉపవాసం మధ్యలో విడిచిన సంగతితో సహా అవ్వకు అన్నీ చెప్పాను. "తాగితే తాగితివి తీ. అడిగింది ఇచ్చినంక ఇంకేం ఉపాసం బిడ్డా!" అంది, వెనకాల ప్రార్థనకు కూడిన ఆడవాళ్ళంతా నవ్వడం కూడా ఫోనులో వినబడింది. నా ప్రార్థన ఫలించిందో, వాళ్ళ ఆచారం ఫలించిందో నేను ఎన్నడూ విడదీసి చూసుకోలేదు.

సలాలాలో బస్సు దిగేసరికి తుంపర పడుతోంది. ఎడారి దేశంలో అదొక్క మూల వానాకాలం వస్తుందని, కొండలు పచ్చబడతాయని మా ఆయన చెబితే కోతలనుకున్నాను. దారి పక్కన కొబ్బరిచెట్లు, అరటి గెలలు, వాటి పక్కనే కట్టలు కట్టి నిలబెట్టిన చెరుకుగడలు. ఆయన ఒక గడ కొని, రోడ్డు మీదే పళ్ళతో చీల్చి నాకిస్తే, పరాయి దేశమని కూడా చూడకుండా బోధన్ పిల్లలా నములుతూ నడిచాను. మేఘం ఇంట్లోకి వచ్చి బట్టలు ఆరనిచ్చేది కాదు. మసకగా, చల్లగా, నిద్రకూ మెలకువకూ మధ్య నడిచినట్టుగా ఉండేవి ఆ రోజులు. నాలుగు వానాకాలాలు అలా గడిచాయి. అయిదోది పూర్తిగా చూడకుండానే, పనిలో ఉండగా గుండె ఆగి ఆయన వెళ్ళిపోయాడు. మేమిద్దరం ఒక ఇంట్లో కాపురం చేసింది మొత్తం మీద అంతే. ఆ పెద్దావిడ ఆ రోజు కాదని ఉంటే అది కూడా నాకు దక్కేది కాదు.

ఇప్పుడు అక్కడ ఆ రిలీజ్ పద్ధతి కూడా పోయిందట, ఎవరి గడపలోనూ కూర్చుని అడుక్కోనక్కర్లేదట. మంచిదే, ఎవరి బతుకైనా ఇంకొకరి దయ మీద ఎందుకు వేలాడాలి? నౌకరీ మారాక జీతమెంత పెరిగిందని ఒకరినొకరు అడుగుతుంటారు ఇప్పటి పిల్లలు. నాకు పెరిగిందో తగ్గిందో గుర్తు కూడా లేదు. బడి నుంచి అలసిపోయి వచ్చి తలుపు తడితే, లోపలి నుంచి ఆయన "వస్తున్న" అనేవాడు. ఆ ఒక్క మాట కోసమే నేను ఉద్యోగం మారాను.