నలుగురు పోలీసులు ఎత్తినా వంగని నడుము

సిద్దిపేట నడిరోడ్డు మీద నన్ను నలుగురు పోలీసులు, నిమజ్జనానికి వినాయకుణ్ణి ఎత్తినట్టు, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఎత్తి వ్యానులో పెట్టిన రోజు గురించి చెబుతాను. మీరు నవ్వుతారు. నవ్వండి. విన్నవాళ్లంతా నవ్వారు. మా అత్తయితే పోయేదాకా నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట మీద గిన్నె పెడితే చాయ్ కాగుతుంది.

అప్పట్లో నేను బీడీలు చేసేదాన్ని. మా ఆయన భీవండిలో మరమగ్గాల మీద పని. ఇంట్లో నేనూ మా అత్తా. బీడీలు చేయడమంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్తున్నాను. పొద్దున్నే చాట ఒళ్లో పెట్టుకోవాలి. మెడ వంచి, నడుము వంచి, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. పొద్దుగూకి లేచేసరికి మనిషి కొడవలి అయిపోతుంది. కొడవలికైనా పట్టుకోవడానికి పిడి ఉంటుంది. మాకు అదీ లేదు, గోడ పట్టుకొని లేవాల్సిందే.

ఆ ఏడు నా నడుము పూర్తిగా మొరాయించింది. నొప్పికి చెయ్యి సాగక బీడీ కట్టలు తగ్గిపోయాయి. మాకు ఆకూ తంబాకూ ఇచ్చి, చేసిన బీడీలు కంపెనీకి తీసుకునే టేకేదారు యాదగిరి సేటు, గద్దె మీద నుంచి ఉరిమాడు.

"నర్సవ్వా, గిట్లయితె నడువదు. వచ్చే శనివారం మాలు నిండుగ తేవాలె, గట్టిగ తేవాలె. లేకుంటె నీ కార్డు ఇంకొకళ్ల పేర రాస్త. అడిగేటోళ్లు మస్తుమందున్నరు."

కార్డు అంటే ఏదో కాగితం ముక్క అనుకునేరు. కార్డు ఉంటేనే పని. కార్డు ఉంటేనే పీఎఫ్, దవాఖాన. కార్డు పోతే నేను ఉత్త నర్సవ్వను, అంతే.

దవాఖానకు పోతే డాక్టరమ్మ చేత్తో నొక్కి చూసి, "గంటకోసారి లేచి నాలుగడుగులు నడువమ్మా, తగ్గుతది" అంది.

"నేను నడుస్తుంటె బీడీలెవరు జేస్తరమ్మా? మీరు జేస్తరా?" అన్నాను. ఆమె నా వెనకాల ఉన్నామెను పిలిచింది.

అవి రాష్ట్రం కోసం కొట్లాట ముమ్మరంగా ఉన్న రోజులు. ఇవాళ బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి రోడ్డు మీదే వంటలు. ఏ చౌరస్తా చూసినా దీక్షా టెంట్లే. ఆ టెంట్ల పక్కనే ఒకడు బతుకమ్మ బొమ్మ వేసిన బ్యానరు కట్టి, మైకు పట్టుకొని నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టిన జుట్టు, నవ్వితే పళ్లన్నీ ఒకేసారి బయటికొస్తాయి.

"అక్కలారా, చెల్లెలారా! వంగిన నడుముతోని రాష్ట్రం వస్తదా? రాదు! తెలంగాణ ఆడబిడ్డ నడుము నిటారుగ నిలవడాలె! జై తెలంగాణ!"

ఆ రోజుల్లో ఆ మాట వినబడితే తిరిగి జై అనని నోరు మా ఊళ్లో లేదు. అందరం గట్టిగా అన్నాం. ఆ జైతోనే సగం బేరం అయిపోయిందని అప్పుడు తెలియలేదు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్లను చూశాం గానీ, వీడు ఆ గొడుగు చువ్వలు పీకి ఆడవాళ్ల నడుముకు కట్టే రకం.

వాడు అమ్మేది నడుము జాకెట్టు. భుజాల మీంచి వెనక్కి అడ్డంగా పోయే పట్టీలు, వెన్నుపూసకు అటూ ఇటూ నిలువునా స్టీలు పట్టీలు, నడుము చుట్టూ అయస్కాంతం బిళ్లలు, ముందర టపామని పడే ఒక కొక్కెం. "రవికె లోపల ఏస్కుంటె ఎవ్వలికి కనబడది. నొప్పి ఎటువోయిందో మీకే తెల్వది" అన్నాడు. ఆ మాట నా చెవిలో తేనెలా పడింది. తేనె ఎక్కడుంటే చీమ అక్కడే కదా. వెళ్లి ముందు నిలబడ్డాను.

"చెయ్యి సాపు అక్కా" అన్నాడు. చాపాను. రెండు వేళ్లతో నొక్కాడు. తూలిపోయాను. "సూసిన్రా, నడుముల బలం లేదు!" అన్నాడు. జాకెట్టు తొడిగి మళ్లీ నొక్కాడు. కదల్లేదు. జనం చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, నాకు నేనే.

నా పక్కింటి ఖాజాబీ నా చెంగు పట్టి లాగింది. నాతోపాటే బీడీలు చేసేది, మనసులో ఒకటి బయట ఒకటి లేని మనిషి.

"నర్సక్కా, వద్దు. వాని మొఖమే చోర్ మొఖమున్నది."

"నీకేం ఎర్క? నీకు నడుము నొస్తలేదు గద!"

"నాకు నొస్తలేదా? యా అల్లా, నాది నొచ్చి నొచ్చి నొచ్చుడే మర్శిపోయింది!"

వినలేదు. చీరకని దాచుకున్న పైసలు వాడి చేతిలో పోశాను. వాడు ఇంకో ముక్క కూడా చెప్పాడు. "మండలం దాక ఇప్పొద్దక్కా. తానానికి తప్ప ఇప్పితె మల్ల మొదటికెల్లి పట్టాలె." మనకు మండలం అంటే చాలు, నలభై రోజుల దీక్షకు మాల వేసుకున్నట్టే. ఇంటికి పోయి దేవుడికి దీపం పెట్టి మరీ తొడుక్కున్నాను. ఎవరు చెప్పారు దీపం పెట్టమని? ఎవరూ చెప్పలేదు. మనిషికి బుద్ధి గడ్డి తినడానికి పోయినప్పుడు దానికి తోడు భక్తి కూడా పోతుంది.

మా అత్తకు జరిగింది చెప్తే ఆమె వక్క కొరుకుతూ అడిగింది. "మొదలు వాడు యాడ నొక్కిండు?"

"మనికట్టు కాడ."

"ఎనుకసీరి, జాకెట్టు తొడిగినంక?"

"మోచెయ్యి కాడ."

"గదే ముచ్చట! తలుపును కొసకు నొక్కితె తెరుసుకుంటది. గోడ దిక్కున్న బందుల కాడ నొక్కితె నీ తాతలు దిగొచ్చినా కదలది. పైసలు తలుపుకే ఇయ్యకపోయినవా పొల్లా!"

నాకు కోపమొచ్చింది. వాడి మీద రావాల్సింది అత్త మీద వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు, మా ఇంట్లో దుత్త లేదు, అందుకని అన్నం వండలేదు.

మర్నాడు చాట ముందు కూర్చుంటే తెలిసింది అసలు సంగతి. బీడీ చేయాలంటే వంగాలి. జాకెట్టు వంగనివ్వదు. గుడి ముందు ధ్వజస్తంభంలా నిటారుగా కూర్చుంటే, ఒళ్లో ఉన్న చాట పక్క ఊళ్లో ఉన్నట్టు కనబడుతుంది. తడిమి తడిమి చుట్టాను. ఒక బీడీ వేలంత లావు, ఒకటి సూదంత సన్నం. మూతులు తెరుచుకొని నన్ను చూసి నవ్వుతున్నట్టున్నాయి. కుక్కతోకకు గొట్టం కడితే తోక చక్కబడదు, గొట్టం వంగదు, నడుమ కుక్క చస్తుంది. ఆ కుక్కను నేను. నొప్పి తగ్గిందా? ఎక్కడిది! నడుము నొప్పి నడుములోనే ఉంది, దానికి తోడు భుజాలు, చంకలు, పక్కటెముకలు కొత్తగా నొప్పి నేర్చుకున్నాయి. అయినా విప్పలేదు. మండలం కదా!

శనివారం రానే వచ్చింది. ఆ రోజే ఆడవాళ్లంతా రోడ్డు మీద బైఠాయించాలని చాటింపు. పొద్దున రాష్ట్రం పని, సాయంత్రం సేటు పని అనుకొని పోయి, హైదరాబాదు రోడ్డు మీద ముందు వరసలో మఠం వేసుకొని కూర్చున్నాను. బాగానే సాగింది. పాటలు, చప్పట్లు, బువ్వ. మధ్యాహ్నం పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఈల వినబడగానే ఆడవాళ్లంతా కొంగులు బిగించి సందుల్లోకి ఉరికారు.

కింద కూర్చున్న మనిషి లేవాలంటే మొదట ముందుకు వంగాలి. ఈ చిన్న ముక్క అంతవరకూ నాకు తెలియదు. మీకూ తెలియకపోతే ఇప్పుడు వంగకుండా లేచి చూడండి.

"నర్సక్కా, లెవ్వు! పోలీసోళ్లు!" ఖాజాబీ నా రెక్క పట్టి గుంజింది.

"లేస్తలేదే!"

"ఏంది లేస్తలేదు?"

"నడుము! కొక్కెం పట్టుకున్నది!"

"నేన్జెప్పలే, చోర్ మొఖమని!" అంటూ ఇంకోసారి గుంజి, లాఠీ కనబడగానే, "మీ అత్తకు జెప్పొస్త!" అని ఉరికింది.

రోడ్డంతా ఖాళీ. మధ్యలో నేనొక్కదాన్నే. కానిస్టేబులమ్మ వచ్చి నిలబడింది.

"లే అమ్మా."

"నాకు గూడ లేవాలనే ఉన్నది తల్లీ."

"ఎకసక్కాలా?"

"నీ కాల్మొక్త, ఎకసక్కాలు గాదు, నడుము..."

ఆమె వినలేదు. ఇద్దరు పట్టుకున్నారు, నేను వంగలేదు. నలుగురయ్యారు. ఆ మఠం అలాగే ఉంది, ఆ వీపు అలాగే ఉంది. గాలిలోకి లేచాను. సందుల్లోంచి, మిద్దెల మీంచి జనం ఒక్కసారిగా అరిచారు. "చూడున్రి, నర్సవ్వ లెవ్వనన్నది! వంగనన్నది! నర్సవ్వా జిందాబాద్!" నేను ఏడుస్తున్నాను. ఆవేశంతో ఏడుస్తున్నానని వాళ్లనుకున్నారు.

ఠాణాలో కానిస్టేబులమ్మ నా వీపు తడిమి ఎగిరి వెనక్కి దూకింది. "సార్! ఈమె రవికెల ఇనుప కడ్డీలున్నయి!"

ఎస్సై సారు కుర్చీలోంచి లేచాడు. "ఏందమ్మా గవి?"

"నడుము జాకెట్టు సారూ. నొప్పికి కొన్న."

"తగ్గిందా?"

"తగ్గితె నేను గీడెందుకుంట సారూ? సందులకెల్లి ఇంటికి వోయేదాన్ని గాదా!"

ఇద్దరు ఆడ పోలీసులు లోపలి గదిలో తంటాలు పడి కొక్కెం ఊడదీశారు. అది ఊడగానే నేను నానిన గోనెసంచిలా కుప్పకూలాను. ఇంటికి పంపేసరికి చీకటి. సేటు దుకాణం మడిగె మూసేసి ఉంది. శనివారం దాటిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ వంకరటింకర బీడీల గంప నెత్తిన పెట్టుకొని, కార్డు పోయినట్టేనని ఏడుపు దిగమింగుకుంటూ నడుస్తున్నాను. ఎదురుగా మైకు కట్టిన ఆటో. అందులో ఆ పళ్లవాడు.

"నలుగురు పోలీసులు ఎత్తినా వంగని నడుము! నిన్న మీరందరు చూసిన వీరవనిత ఏస్కున్నది మా జాకెట్టే!"

గంప దింపి ఆటోకు అడ్డం నిలబడ్డాను. "ఒరేయ్, నీ నోట్ల మన్ను వొయ్య! నా చీర పైసలు తిన్నవు, నా మాలు ఖరాబు జేసినవు, నన్ను ఠాణాకు తోలినవు. ఇంకా నా పేరు మీద అమ్ముతున్నవా? సిగ్గుండాలె!"

వాడు మైకు పక్కకు పెట్టి చల్లగా అడిగాడు. "అక్కా, నలుగురు ఎత్తిన్రా లేదా?"

"ఎత్తిన్రు!"

"నడుము వంగిందా?"

"వంగలె!"

"మరి నేనేం అబద్ధం జెప్పిన?"

అంత కోపం నా జన్మలో రాలేదు. చుట్టూ చేరిన ఆడవాళ్లకు చెప్పాను, "కొనకున్రి, మోసం" అని. "నువ్వైతె వీరవనితవైతివి. మేం గావద్దా నర్సక్కా?" అని ఒకామె పైసలు తీసింది.

ఆ మంటతోనే మడిగెకు పోయాను. సేటు గద్దె మీద కూర్చుని ఉన్నాడు. ఆయన అలవాటు ఊరందరికీ తెలుసు. గంప కింద పెట్టిస్తాడు, గద్దె మీంచి గంపలోకి వంగి, అట్టడుగు నుంచి ఒక కట్ట లాగి, మూతులు చూస్తాడు. మా గుండెలన్నీ ఆ అడుగు కట్టలోనే ఉండేవి.

"రా నర్సవ్వా. నిన్న నిన్ను జూసిన. ఏం నిలవడ్డవు! ఒక రోజు ఆలిశమైతె ఏమాయె" అన్నాడు. గంప ఆయన ముందు కింద పెట్టి కళ్లు మూసుకున్నాను. ఎంతకీ తిట్టు వినబడదు. తెరిచి చూస్తే, సేటు చెయ్యి గంపకు జానెడు పైన గాలిలో ఆగిపోయి ఉంది. మెడ వంగింది, కళ్లు వంగాయి, నడుము వంగలేదు. చెమట పడుతోంది. చొక్కా వెనకాల రెండు నిలువు పట్టీలు.

"పొద్దుగాల్లనే కొన్న" అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు ఏస్కున్నదే."

చెయ్యి ఇంకోసారి దించబోయి, పక్కటెముక పట్టుకొని, "మాలు మంచిగనే కనవడుతున్నది పో" అని కార్డు మీద సంతకం గీకేశాడు.

నిజం చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. కార్డు కొంగున ముడేసుకొని, "సేటూ, పదేండ్లు తగ్గిన్రు. మస్తుగ కనవడుతున్నరు. అస్సలు ఇప్పకున్రి" అని ఇంటిదారి పట్టాను.

ఆ రోజు మా ఇంటి గడప మీద చెయ్యి పెట్టి, అత్తను సాక్షిగా నిలబెట్టి ఒట్టు వేశాను. నొప్పి తగ్గిస్తుంది, నడుము నిలబెడుతుంది అని ఎవడు ఏ గుడ్డ అమ్మినా, బంగారు దారంతో నేసినా సరే, ముందు అది నా బీడీలు చూసేవాడి ఒంటి మీద ఆర్నెల్లు ఉండాలి. ఆ తర్వాత కూడా నేను కొనను.