దీపం ఆరేదాకా

కంప్యూటర్లు బాగుచేసే సీతారాములు ఏ సర్వర్ ముందు కూర్చున్నా మొదట వేలి ఉంగరం తీసి జేబులో వేసుకుంటాడు. తర్వాత సర్వర్ ఇనుప చట్రానికి అరచేయి ఆనిస్తాడు. ఒంట్లోని కరెంటు దిగిపోవాలంటాడు. ఎల్‌బీ నగర్‌లోని స్కానింగ్ సెంటర్ నాగోల్‌కు మారుతున్న రోజు కూడా అంతే. తొమ్మిదేళ్ల స్కాన్‌లున్న డిస్కుల పెట్టెను సర్వర్ నుంచి విడదీయాలి. కింద ట్రాలీ ఆటో ఆగకుండా హారన్ కొడుతోంది. "సర్వర్ బంద్ జేసినం గదన్నా, వైర్లు గుంజెయ్ రాదు," అంది మేనేజర్ స్వర్ణలత. అతను పెట్టె వెనక మినుకుమంటున్న పచ్చ దీపం చూపించాడు. "సర్వర్ బంద్ అయిందమ్మా, ఇది ఇంక కాలే, లోపల డిస్కులు తిరుగుతున్నయ్." పెట్టె బటన్ నొక్కి, దీపం పూర్తిగా ఆరేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే వైర్లు తీశాడు.

డిస్కుల మీద తాను అంటించిన నంబర్లు లేవు. దసరా పూజకు ఎవరో శుభ్రంగా గీకేసి కుంకుమ బొట్లు పెట్టారు. అతను బొట్టు చెరగకుండా, ఒక్కో డిస్కు బయటికి తీసేముందు బొట్టు కింద దాని వరుస నంబరు కొత్తగా అంటిస్తున్నాడు.

"అన్ని ఒక్కతీరే ఉన్నయ్ గదా, ఏది ఏడ వెడితే ఏందన్నా?"

"పైకి ఒక్కతీరే అమ్మా, వరుస తప్పితే స్కాన్‌లన్నీ ఆగమైతయ్. రేపు నాగోల్ల తెరిస్తే ఎవరి గుండె వాళ్లకే కనబడాలె గద."

స్వర్ణలత కిటికీ దగ్గరికెళ్లి, హారన్ ఆపమని కేకేసింది.