మా అమ్మాయి అడిగిన స్నానాల గది

మా పెద్దమ్మాయి పోయిందన్న కబురు నందిగామ నుంచి వచ్చిన బస్సు కండక్టరు తెచ్చాడు. టిక్కెట్ల సంచీ చంకన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చి, "అమ్మా, మీ అల్లుడుగారు మిమ్మల్ని వెంటనే బయల్దేరి రమ్మన్నారండీ" అన్నాడు. జ్వరం ఎక్కువైందా అని అడిగాను. అతను తల దించుకున్నాడు. అంతకంటే చెప్పేదేముంది?

మా జగ్గయ్యపేట నుంచి నందిగామ ఎంతో దూరం లేదు. ఆ రోజు మాత్రం బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. ఎక్కేవాళ్ళ గంపలు, దిగేవాళ్ళ చిల్లర గొడవలు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. ఇప్పటికీ ఆ కోపం దిగలేదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనం గురించి రాస్తారు. నాకు ఆ చదువు లేదు. మా అమ్మాయి గురించి రాయాలంటే నేను ఒక స్నానాల గది గురించి రాయాలి. పోయేముందు ఏడాదంతా అది ఆ గది గురించే పోట్లాడింది. నన్నూ విసిగించింది.

వాళ్ళ అత్తవారి పాత ఇంట్లో బావి పక్కన నాలుగు తడికలు కట్టిన చోటే ఆడవాళ్ళ స్నానం. కప్పు లేదు, తలుపు లేదు. తడిక మీద చీర వేసి ఉంటే లోపల మనిషి ఉన్నట్టు గుర్తు. మగవాళ్ళు బావి దగ్గరికి రాకముందే ముగించాలి. చెంబు ముంచిన దగ్గర్నుంచీ బయట ఎవరో ఒకరు అయ్యిందా, అయ్యిందా అంటూనే ఉంటారు. మా ఇంట్లోనూ అంతే కదా, నేనూ అలాగే బతికాను కదా అనేదాన్ని.

"బతికావులే. నేను కాదన్నానా?" అనేది. "ఒక్కపూటైనా తలుపు గడియ పెట్టుకుని, తొందర లేకుండా తల తడుపుకోవాలమ్మా. అంతే నేనడిగేది."

అల్లుడుగారు కొత్త ఇల్లు మొదలుపెట్టినప్పుడు ఇంట్లో అందరూ ఎన్ని గదులు, ఏ గుమ్మం ఎటు అని మాట్లాడుకుంటుంటే మా అమ్మాయి ఒక్కటే అడిగింది. వెనక వసారాను ఆనుకుని, గోడలూ కప్పూ తలుపూ ఉన్న స్నానాల గది. వాళ్ళ అత్తగారు, అంటే మా వియ్యపురాలు, వినగానే ముక్కున వేలేసుకుంది. "వంటింటి పక్కన మైల నీళ్ళా? ఇంట్లో తడేమిటే అమ్మాయ్?" అంది. అల్లుడుగారు "మా అమ్మ ఎలా అంటే అలా" అన్నారు. అమ్మగారేమో "మా అబ్బాయి ఎలా అంటే అలా" అంది. ఇలా ఇద్దరి మధ్యా బంతిలా తిరిగితే ఎవరికైనా ఒళ్ళు మండదా, మీరే చెప్పండి.

పునాదులకి ముగ్గు పోసే రోజు నేనూ వెళ్ళాను. మేస్త్రి దారం పట్టి, సున్నంపిండితో గదులన్నీ గీశాడు. స్నానాల గదికి వచ్చేసరికి ఒక మూల కోళ్ళగూడంత చదరం గీసి, "చాలమ్మా, మనిషి కూర్చోడానికేగా" అన్నాడు. మా అమ్మాయి ఊరుకుంటుందా? పక్కింటికి వెళ్ళి ఒక పీట, ఒక చెంబు పట్టుకొచ్చింది. పీట ముగ్గు మధ్యలో వేసి, "అత్తయ్యా, ఒకసారి ఇలా వచ్చి కూచోండి" అంది.

"నేనా? పదిమందిలో స్నానం చెయ్యమంటావుటే?"

"నీళ్ళు లేవుగా అత్తయ్యా. ఊరికే కూచుని చెంబెత్తండి."

మా వియ్యపురాలు భారీ మనిషి. గొణుక్కుంటూనే కూచుంది. ఒట్టి చెంబు నెత్తిమీదికి ఎత్తేసరికి మోచెయ్యి గీత దాటిపోయింది.

"మోచెయ్యి గోడలోకి పోయిందండీ అమ్మగారూ" అని మేస్త్రి నవ్వాడు.

"నవ్వు, నవ్వు. నా వీపు రుద్దే మనిషి ఎక్కడ కూచుంటుందో అది చెప్పు ముందు" అంది ఆవిడ.

దారిన పోయే ఒకతను సైకిలు ఆపి, "ఏమండీ పెద్దమ్మగారూ, నీళ్ళు తోడిపెట్టమంటారా?" అన్నాడు. "తోడతావు. ముందు నీ దోవ చూసుకో" అని ఆవిడ చెంబు ఝాడించింది. నవ్వి నవ్వి మా అమ్మాయికి కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆ గీతలు కాలితో చెరిపించి, ఇద్దరు మనుషులు హాయిగా కూర్చునేంత గది మళ్ళీ గీయించింది. వాళ్ళ అత్తగారు ఆ తర్వాత మైల మాట ఎత్తలేదు.

అక్కడితో ఆగిందా? కాగు కింద మంట బయటినుంచే పెట్టేలా గోడలో పొయ్యి కట్టాలంది, లోపలికి పొగ రాకూడదని. కిటికీ నెత్తికంటే పైన ఉండాలంది. "వెలుతురు రావాలి, చూపు రాకూడదు" అనేది. పెద్దవాళ్ళ చీరలకి పైన ఒక కొయ్య, తన చిన్న కూతురి గౌనుకి కింద ఒక కొయ్య. "దాని గౌను అదే తగిలించుకోవాలి. పసిదైతే మాత్రం సిగ్గుండదా?" అనేది. కింద పరచడానికి నాపరాళ్ళు మా పేటనుంచి బండి మీద నేనే వేయించాను. వేయించానే గానీ, "ఒక్క గదికోసం ఇంత మొండితనం ఏమిటే?" అని దారి పొడుగునా తిట్టుకుంటూనే వెళ్ళాను.

గోడలు నడుము ఎత్తు లేచాయి. దానికి జ్వరం తగులుకుంది. డాక్టరు వచ్చాడు, మందులిచ్చాడు, తగ్గుతుందన్నాడు. తగ్గలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు ఊరికే పోలేదు. వాళ్ళలో ఎవరు మొదట అన్నారో గానీ, వసారాలో కూచుని, ఆ మూల స్నానాల గది పెట్టించింది, ఆ ఇంటికి అది అచ్చిరాలేదు, పిల్లని పొట్టనపెట్టుకుంది అన్నారు. అందరూ అవునవునన్నారు. జ్వరమొచ్చి పోయిన పిల్లని నడుమెత్తు గోడ మింగిందా?

పెద్దకర్మ అయిన మర్నాడు అల్లుడుగారు నాతో మెల్లగా చెప్పారు. "అత్తయ్యగారూ, ఆ గోడలు తీయించేద్దామనుకుంటున్నానండీ. సర్కారు పర్మిట్ మీద వచ్చిన సిమెంటు ఎలాగూ తక్కువే. వీధి వసారా స్తంభాలకి వాడతా. స్నానాలకి తడికలు ఉన్నాయిగా."

"ఊళ్ళోవాళ్ళ మాటలు మీరూ నమ్మారా బాబూ?"

"నమ్మకం కాదండీ. అక్కడికి వెళ్తే ఆ గోడలే కనపడుతున్నాయి. చూడలేకపోతున్నా."

ఆయన బాధ నాకు తెలియదా? కానీ నా కూతురు పోయింది, అది అడిగిన ఒక్కటీ పోతోంది, పైగా దాని చావుకి అదే కారణమన్న మాట మిగులుతోంది. రేపు దాని కూతురు పెద్దదై, మా అమ్మ ఎలా పోయిందని అడిగితే ఈ ఊరు ఏం చెప్తుంది?

నేను కొత్త ఇంటి దగ్గరికి నడిచి వెళ్ళాను. మేస్త్రి గునపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఆ నడుమెత్తు గోడల మధ్యకి వెళ్ళి మట్టిలో చతికిలబడ్డాను.

"అమ్మగారూ, లేవండీ. అయ్యగారు తీసెయ్యమన్నారు."

"తియ్యి. నన్ను కూడా కలిపి తియ్యి."

అతను గునపం కింద పెట్టి బీడీ వెలిగించుకున్నాడు. ఎండ నెత్తిమీదికొచ్చింది. వియ్యంకుల స్థలంలో ఇలా కూచున్నానని పేటలో తెలిస్తే నలుగురూ ఏమంటారోనని ఒక పక్క సిగ్గు. అయినా లేవలేదు. కాసేపటికి అల్లుడుగారూ, వెనకాలే వాళ్ళమ్మా వచ్చారు. ఆయన, "అత్తయ్యగారూ, అందరూ చూస్తున్నారు" అన్నారు. నేను తలెత్తలేదు.

మా వియ్యపురాలు నావంక చూసింది. గోడల వంక చూసింది. కొంగు నడుముకి దోపుకుని, గోడ పట్టుకుని, ఆ ఒళ్ళేసుకుని లోపలికి దిగింది. వచ్చి నా పక్కన కూచుంది. ఇద్దరం సరిగ్గా పట్టాం. ఒకరికొకరం తగల్లేదు.

"చూశారా వదినా" అంది. "ఎంత లెక్కగా గీయించిందో ముండ." అని భోరున ఏడ్చింది.

ఏడుపు తగ్గాక ముక్కు చీదుకుని కొడుకుతో అంది: "స్తంభాలు సున్నంతో కట్టించుకో. సిమెంటు ఇటు తెప్పించు. ఈ గది పిల్లని చంపిందని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు, నే చెప్తా."

అల్లుడుగారు వెనక్కి తిరిగి మొహం తుడుచుకున్నారు. తర్వాత కట్టమన్నట్టు మేస్త్రికి తల ఊపారు.

గది అయ్యింది. అయ్యేదాకా నాకు మనశ్శాంతి లేదు. ఎవరో వడ్రంగికి సామాన్ల గది అని చెప్పారట, అతను గడియ తలుపుకి బయటివైపు బిగించాడు. అది చూసి నేను అరిచిన అరుపుకి వీధంతా వచ్చారు. గడియ ఊడదీయించి లోపలివైపు వేయించాకే నేను పేట బస్సెక్కాను.

గృహప్రవేశం హంగు లేకుండా చేశారు. ఆ పొద్దున కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. మొదట ఎవరు వెళ్ళాలన్న దగ్గర అందరం ఆగిపోయాం. "మీరు పోసుకోండి వదినా" అంది మా వియ్యపురాలు. నా వల్ల కాదన్నాను. నిజంగానే కాదు. ఆవిడే చీర భుజాన వేసుకుని లోపలికి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

గోడ వెనక తూములోంచి కుంకుడు నురగ వచ్చింది. కొత్త మట్టిలో కాస్త దూరం పారి, ఆగిపోయింది. చెంబు చప్పుడు కూడా లేదు. బయట మగవాళ్ళు భుజాన తువ్వాళ్ళతో నిలబడి ఉన్నారు. ఎండ వసారా ఎక్కింది. అయ్యిందా అని ఒక్కరూ పిలవలేదు. చాలాసేపటికి తూములోంచి మళ్ళీ నీళ్ళు రావడం మొదలైంది, మెల్లగా.